జెండా స్తంభం ఎక్కిన మనిషి: ఐర్లాండ్ ఆటల గురించి

(గ్రంథాలయ సభామందిరంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవారికి వినబడుతోందా? వినబడుతోంది కదా, సంతోషం. ముందు వరుసలో బడిపిల్లలు కూర్చున్నారు. మధ్యలో ఏదైనా అర్థం కాకపోతే చెయ్యెత్తండి అమ్మా, మొహమాటపడకండి.

ఒక మనిషి కథతో మొదలుపెడతాను. సంవత్సరం 1906. ఊరు ఏథెన్స్, అక్కడ ఒలింపిక్ తరహా ఆటలు జరుగుతున్నాయి. లాంగ్ జంప్ పోటీ అయిపోయింది. గెలిచినవాళ్ళ దేశాల జెండాలు పైకెత్తుతున్నారు. రెండో స్థానంలో నిలిచిన ఆయన పేరు పీటర్ ఓకానర్. ఐర్లాండ్‌లోని వాటర్‌ఫర్డ్ పట్టణంలో ఒక లాయరు దగ్గర గుమాస్తా. అంతకు అయిదేళ్ళ ముందు, 1901లో, డబ్లిన్‌లో 7.61 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు పెట్టినవాడు. ఆ రికార్డు 20 ఏళ్ళు నిలిచింది. ఐర్లాండ్ జాతీయ రికార్డుగా అయితే 1990 దాకా, దాదాపు 90 ఏళ్ళు నిలిచింది. అటువంటి మనిషి తలెత్తి చూస్తే, తన పేరు మీద పైకి వెళ్తున్నది బ్రిటన్ జెండా!

ఎందుకంటే ఆ పోటీలకు ఒలింపిక్ సంఘం ఉన్న దేశం పేరు మీదే రావాలని నియమం పెట్టారు. ఐర్లాండ్‌కు సంఘం లేదు. అప్పటికి అది బ్రిటన్ పాలన కింద ఉంది. కాబట్టి ఆయన బ్రిటన్ ఆటగాడు. కాగితం మీద అంతే.

ఆయన ఏం చేశారో తెలుసా? పరుగున వెళ్ళి ఆ స్తంభం ఎక్కారు. ఇరవై అడుగుల స్తంభం. పైకి చేరి ఆకుపచ్చ జెండా తీసి ఊపారు. ఆ జెండా మీద బంగారు రంగులో హార్ప్ వాద్యం బొమ్మ, దాని పక్కన వాళ్ళ భాషలో ‘ఐర్లాండ్ ఎప్పటికీ’ అన్న మాట. కింద ఆయన స్నేహితుడు కాన్ లేహీ, ఎవరూ వచ్చి లాగేయకుండా కాపలా. ఆ లేహీ కూడా సామాన్యుడు కాడు, అక్కడే హైజంప్‌లో స్వర్ణం గెలిచినవాడు. తరవాత ఓకానర్ కూడా ట్రిపుల్ జంప్‌లో స్వర్ణం గెలిచారు. ఆ స్వర్ణమూ బ్రిటన్ ఖాతాలోనే పడింది.

మనకు ఇది కొత్త కాదు. 1900 ప్యారిస్ ఒలింపిక్స్‌లో కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్ రెండు రజతాలు గెలిచాడు. అవి భారతదేశానివా బ్రిటన్‌వా అని ఈ రోజుకీ వాదన నడుస్తూనే ఉంది. పతకం గెలవడం ఒకటి. ఏ పేరు మీద గెలిచాం అన్నది ఇంకొకటి. ఈ సాయంత్రం నేను మాట్లాడాలనుకున్నది ఆ రెండోదాని గురించి. ఐర్లాండ్ ఆటల చరిత్ర మొత్తం నాకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నట్టు కనబడుతుంది. ఏ పేరుతో ఆడతాం?

ఎంత దేశం అది? మొత్తం దీవి జనాభా 70 లక్షల చిల్లర. 2011 లెక్కల్లో మన హైదరాబాద్ నగరపాలక పరిధిలో ఉన్నవాళ్ళు 67 లక్షలు. ఒక హైదరాబాద్ అంత జనం అనుకోండి. ఆ కొద్దిమందీ రెండు పాలనల కింద ఉన్నారు. దీవిలో కౌంటీలు 32, మన జిల్లాల వంటివి. 26 కౌంటీలు స్వతంత్ర దేశం. ఉత్తరాన ఉన్న 6 కౌంటీలు ఇప్పటికీ బ్రిటన్‌లో భాగం. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఓకానర్ రోజుల్లో ఐర్లాండ్ వాళ్ళు పతకాలు గెలవలేదా అంటే, బోలెడు గెలిచారు. పరాయి పేర్ల మీద గెలిచారు. లిమరిక్ కౌంటీ నుంచి అమెరికా వలస వెళ్ళిన జాన్ ఫ్లానగన్, ఇనుప గుండు విసిరే హ్యామర్ త్రోలో 1900, 1904, 1908 వరసగా మూడు స్వర్ణాలు అమెరికాకు తెచ్చిపెట్టాడు. మేయో నుంచి వెళ్ళిన మార్టిన్ షెరిడన్ డిస్కస్‌లో, టిప్పరరీ నుంచి వెళ్ళిన మాట్ మెక్‌గ్రాత్ హ్యామర్‌లో. భారీ మనుషులు, చాలామంది న్యూయార్క్ పోలీసు శాఖలో పనిచేసినవాళ్ళు. వాళ్ళను అక్కడ ‘ఐరిష్ తిమింగలాలు’ అనేవారు. ఇంటి దగ్గర తిండి లేక ఓడ ఎక్కిన జాతి బిడ్డలు వాళ్ళు. బలం ఐర్లాండ్‌ది, జెండా అమెరికాది.

1924లో మొదటిసారి సొంత పేరుతో ఒలింపిక్స్‌కు వెళ్ళారు. ఆ ఏడాది ఐర్లాండ్‌కు వచ్చిన తొలి పతకం ఎవరికో ఊహించగలరా? పరుగు వీరుడికి కాదు, మల్లయోధుడికి కాదు. ఒక చిత్రకారుడికి! అప్పట్లో ఒలింపిక్స్‌లో చిత్రకళకు కూడా పోటీ ఉండేది. డబ్లిన్ నగరం మధ్యలో పారే లిఫీ నదిలో జరిగే ఈత పందేన్ని జాక్ యేట్స్ బొమ్మ గీస్తే దానికి రజతం వచ్చింది. నాలుగేళ్ళ తరవాత ఆమ్‌స్టర్‌డామ్‌లో కార్క్ కౌంటీ డాక్టరు పాట్ ఓకాలహన్ హ్యామర్‌లో స్వర్ణం గెలిచాడు. స్వతంత్ర ఐర్లాండ్‌కు తొలి స్వర్ణం అది.

అదే డాక్టరు 1932లో లాస్ ఏంజెలెస్ వెళ్ళాడు. అక్కడి వలయం నేల గట్టిది, ఈయన బూట్ల మేకులేమో పొడవు. కాలు తిరగడం లేదు. అప్పుడే 400 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచి వచ్చిన సాటి ఐరిష్ ఆటగాడు బాబ్ టిస్‌డాల్ పక్కన కూర్చుని, ఆకురాయి పట్టుకుని ఆ మేకులు అరగదీయడంలో సాయం చేశాడు. ఆ తరవాత హ్యామర్ వెళ్ళి 53.92 మీటర్ల దగ్గర పడింది. ఒకే మధ్యాహ్నం, ఒకే చిన్న దేశానికి రెండు స్వర్ణాలు. స్వర్ణం గెలిచిన మనిషి పక్కవాడి బూట్లు రుద్దుతున్న ఆ దృశ్యం అంటే నాకు ప్రాణం.

మరి 1936లో? వెళ్ళనే లేదు. మీ జట్టు 26 కౌంటీలకే పరిమితం అని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంఘం పట్టుబట్టింది. మాది 32 కౌంటీల దీవి అని వీళ్ళన్నారు. బెర్లిన్ ఒలింపిక్స్‌కు ఐర్లాండ్ ఆటగాళ్ళు లేకుండానే పోటీలు జరిగాయి. ఓకాలహన్ మూడో స్వర్ణానికి ప్రయత్నించే అవకాశం అలా పోయింది. పేరు కోసం ఇచ్చిన మూల్యం అది.

ఇప్పుడు ఒక చిత్రమైన విషయం. ఐర్లాండ్ వాళ్ళు ఎంతో ప్రేమించే ఒక ఆటకు అంతర్జాతీయ వేదికే లేదు. అవును, సరిగ్గానే విన్నారు. ప్రపంచ కప్పు లేదు, ఒలింపిక్ పతకం లేదు. ఆడితే వాళ్ళలో వాళ్ళే ఆడుకోవాలి. అయినా ఫైనల్‌కు 82 వేల మంది వస్తారు.

ఆ ఆట పేరు హర్లింగ్. ఒక్కో వైపు 15 మంది. చేతిలో కర్ర, దాన్ని హర్లీ అంటారు. చిన్న తోలు బంతి. బంతిని నేల మీద కొట్టవచ్చు, గాలిలో కొట్టవచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు. గోల్ స్తంభాల మధ్య అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలోకి పోతే మూడు. మా అమ్మాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. దాని దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం పల్లెటూరి క్లబ్బుల మ్యాచ్‌కు వెళ్ళాం. గాలిలో వస్తున్న బంతికి నలుగురు ఒకేసారి చేతులెత్తారు, కర్రలెత్తారు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బంతి మైదానం అవతలి కొసన ఉంది. టీ అమ్ముతున్న ఆవిడ కొడుకు ఒక జట్టులో ఆడుతున్నాడు, ఆవిడ అన్న స్కోరు బోర్డు దగ్గర నిలబడ్డాడు. సంక్రాంతికి మన ఊళ్ళో చెడుగుడు పోటీలు జరుగుతాయి చూడండి, ఒక్కో పిల్లవాణ్ణి ఫలానా వాళ్ళ మనవడు అని చెప్పుకుంటారు, అచ్చం అలాగే.

ఆ కర్ర గురించి రెండు మాటలు చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. హర్లీని యాష్ అనే చెట్టు కలపతో చేస్తారు. చెట్టులో ఎక్కడిది పడితే అక్కడిది పనికిరాదు. కాండం కిందికి దిగి వేరుగా మలుపు తిరిగేచోట ఉన్న కలప కావాలి. అక్కడ చెక్క పోగు కూడా చెట్టుతోపాటే వంపు తిరుగుతుంది. కర్ర చివర వెడల్పుగా వంగిన భాగానికి ఆ సహజమైన వంపే బలం. కోసి వంచింది కాదు, చెట్టే పెంచింది. ఇప్పుడు ఆ చెట్లకు ఒక శిలీంధ్ర వ్యాధి పట్టుకుంది. ఐర్లాండ్‌లో దాన్ని మొదట 2012లో గుర్తించారు. చెట్లు పైనుంచి ఎండుతూ వస్తాయి. కలప బయటి దేశాల నుంచి తెచ్చుకుంటున్నారు, వెదురుతో కూడా కర్రలు చేస్తున్నారు. 2018లో యునెస్కో హర్లింగ్‌ను, ఆడవాళ్ళు ఆడే కమోగీని మానవాళి వారసత్వ సంపదగా గుర్తించింది. ఆటకు గౌరవం దక్కింది, ఆట పుట్టిన చెట్టు మాత్రం చస్తోంది.

ఈ ఆటలను నడిపే సంస్థ గేలిక్ అథ్లెటిక్ సంఘం. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలో థర్లెస్ అనే ఊళ్ళో, హేస్ హోటల్లో గుప్పెడు మంది కూర్చుని పెట్టారు. వారిలో ముఖ్యుడు మైకేల్ క్యూసాక్, క్లేర్ కౌంటీలో పుట్టిన ఉపాధ్యాయుడు. ఈ సంఘంలో ఆటగాడికి జీతం లేదు. ఈ రోజుకీ లేదు! ఆదివారం 82 వేల మంది ముందు ఫైనల్ ఆడినవాడు తరవాతి వారం బడిలో పాఠం చెబుతాడు, లేదా పొలంలో ట్రాక్టరు తోలుతాడు. ఎక్కువ డబ్బిస్తామని పక్క కౌంటీ వాళ్ళు కొనుక్కుపోవడం అనేది లేదు. పుట్టిన ఊరి క్లబ్బు, పుట్టిన కౌంటీ జట్టు. ఊరి పేరుతో ఆడతారు.

సంఘానికి ఇంకో ముఖం కూడా ఉంది, అదీ చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళ నుంచి 1971 దాకా ఒక నిషేధం నడిచింది. సంఘంలో సభ్యుడైనవాడు క్రికెట్, రగ్బీ, ఫుట్‌బాల్, హాకీ ఆడకూడదు. చూడటానికి వెళ్ళినా తప్పే. అవి పాలకుల ఆటలు. 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ డబ్లిన్‌లో పోలండ్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్ళారు. ఐరిష్ భాషను బతికించడానికి జీవితం ధారపోసిన మనిషి ఆయన. ఆయన్నే సంఘం గౌరవ పోషకుడి స్థానం నుంచి తొలగించారు!

ఇక్కడ మనం కాస్త ఆలోచించాలి. మనమూ వాళ్ళూ ఒకే సామ్రాజ్యం కింద నలిగినవాళ్ళమే. మనం ఏం చేశాం? పాలకుడి బ్యాటు అందుకుని, పాలకుడి ఆటలో పాలకుణ్ణే ఓడించాం. వాళ్ళేం చేశారు? ఆ బ్యాటు ముట్టుకోబోమని తమ కర్ర తాము పట్టుకున్నారు. ఎవరిది ఒప్పు? నేను చాలా రోజులు దీని గురించి మథనపడ్డాను. ఆ పట్టుదల లేకపోతే హర్లింగ్ ఈ రోజు మ్యూజియంలో ఉండేది. మన చిన్నప్పటి ఎన్ని ఆటలు అలా పోలేదూ! బిళ్ళంగోడు ఆడే పిల్లవాణ్ణి మీరు ఈ మధ్య ఎక్కడైనా చూశారా? కానీ నిషేధం తప్పు. పందొమ్మిదో శతాబ్దంలో కిల్‌కెన్నీ, టిప్పరరీ పల్లెల్లో మామూలు రైతులు కూడా ఇష్టంగా క్రికెట్ ఆడేవారు. జాతీయ నాయకుడు పార్నెల్ స్వయంగా క్రికెట్ కెప్టెన్. అదే పార్నెల్ ఈ సంఘానికి తొలి పోషకుల్లో ఒకడు కూడా. సంఘం పెట్టిన క్యూసాక్ సైతం క్రికెట్, రగ్బీ ఆడినవాడే. మనిషి రెండు ఆటలను ప్రేమించవచ్చు. దాన్ని నేరం చేయడం నాకు నచ్చదు.

అయితే వాళ్ళ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. అందుకని మిమ్మల్ని క్రోక్ పార్క్ తీసుకెళ్ళాలి.

డబ్లిన్‌లో ఉన్న ఈ మైదానం సంఘానికి గుండెకాయ. 1920 నవంబరు 21, ఆదివారం. స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. ఆ ఉదయం స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు నగరంలో బ్రిటిష్ గూఢచారి అధికారులను కాల్చి చంపారు. మధ్యాహ్నం క్రోక్ పార్కులో డబ్లిన్, టిప్పరరీ జట్ల మధ్య, బంతిని చేత్తో పట్టుకోవడం, కాలితో తన్నడం రెండూ ఉన్న వాళ్ళ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్. ప్రభుత్వ బలగాలు మైదానంలోకి వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. సుమారు నిమిషంన్నర. 14 మంది చనిపోయారు. అందులో పదేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. కొద్ది రోజుల్లో పెళ్ళి కావలసిన అమ్మాయి ఉంది. టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ గడ్డి మీదే ప్రాణం విడిచాడు. ఇప్పుడు అక్కడ ఉన్న పెద్ద స్టాండుకు ఆయన పేరే.

మీలో చాలామందికి జలియన్‌వాలాబాగ్ గుర్తొచ్చి ఉంటుంది. దానికీ దీనికీ మధ్య గడిచింది ఏడాదిన్నర. ఒక చేదు నిజం కూడా చెబుతాను. జలియన్‌వాలాబాగ్ నాడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఉండి డయ్యర్‌ను సమర్థించిన మైకేల్ ఓడ్వయర్ పుట్టింది ఎక్కడో తెలుసా? టిప్పరరీ కౌంటీలో. హోగన్ పుట్టిన కౌంటీలోనే.

అటువంటి మైదానం అది. అక్కడ పరాయి ఆటలకు చోటు లేదని నియమం. ఆ తరవాత చాలా కాలానికి రగ్బీ, ఫుట్‌బాల్ ఆడే పాత మైదానం లాన్స్‌డౌన్ రోడ్‌ను పడగొట్టి కొత్తది కట్టాల్సి వచ్చింది. ఆడుకోవడానికి చోటు లేదు. 2005లో గేలిక్ సంఘం ఓటింగు పెట్టి, ఆ నియమం సడలించి, క్రోక్ పార్క్ తలుపులు తెరిచింది. ఏళ్ళ తరబడి తమను తక్కువగా చూసిన ఆటలకు చోటిచ్చింది.

2007 ఫిబ్రవరి 24. రగ్బీ. ఐర్లాండ్ మీద ఆడటానికి వచ్చింది ఎవరు? ఇంగ్లండ్. 14 మంది చనిపోయిన చోట బ్రిటిష్ రాణి గీతం వినిపించాలి. వారం రోజులు దేశమంతా అదే చర్చ. ఈలలు వేస్తారా? వీపు తిప్పుతారా? గీతం మొదలైంది. 82 వేల మంది. చిన్న చప్పుడు లేదు. ఇంగ్లండ్ అభిమానులు పాడుకున్నారు, మిగిలినవారు మర్యాదగా నిలబడి విన్నారు. ఆ తరవాత ఐర్లాండ్ వంతు. జాన్ హేస్ అనే ఆటగాడు, కొండంత మనిషి, జట్టులో అందరికంటే భారీగా ఉండేవాడు. పాట పాడుతూ కన్నీళ్ళు కార్చాడు. ఆ ముఖం చూసి నేను కూడా ఏడ్చాను.

ఆట? ఐర్లాండ్ 43, ఇంగ్లండ్ 13. అందులో ఒక ట్రై ఉంది, అంటే బంతిని అవతలివాళ్ళ గీత దాటించి నేలకు ఆనించడం. ఐర్లాండ్ ఆటగాడు ఓగారా బంతిని అడ్డంగా పైకి తన్నితే, సాటి ఆటగాడు షేన్ హోర్గన్ గాలిలోకి లేచి, అందరి తలల మీద రెండు చేతులతో అందుకుని గీత దగ్గర పడ్డాడు. హోర్గన్ చిన్నప్పుడు మీత్ కౌంటీలో గేలిక్ ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆ పట్టు రగ్బీ పట్టు కాదు, ఆ మైదానంలో వందేళ్ళుగా జనం చూస్తున్న గేలిక్ పట్టు. రెండు ఆటలూ ఆ ఒక్క పట్టులో కలిశాయి.

ఇంగ్లండ్ మీద గౌరవం చూపడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1972లో ఉత్తర ఐర్లాండ్ రాజకీయ గొడవలకు భయపడి స్కాట్లండ్, వేల్స్ జట్లు డబ్లిన్ రాలేదు. 1973లో ఇంగ్లండ్ వచ్చింది. వాళ్ళు మైదానంలోకి దిగగానే డబ్లిన్ జనం నిమిషాల తరబడి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ మ్యాచ్ ఇంగ్లండ్ ఓడిపోయింది. మేం గొప్పగా ఆడకపోవచ్చు గానీ, కనీసం వస్తాం అని వాళ్ళ కెప్టెన్ జాన్ పులిన్ ఆ రాత్రి విందులో అన్నాడు. ఐర్లాండ్‌లో ఆ మాట ఎవరూ మరచిపోలేదు.

రగ్బీలో దీవి అంతటికీ ఒకటే జట్టు. బెల్‌ఫాస్ట్‌లో బ్రిటన్ పక్షం కుటుంబంలో పుట్టినవాడు, కార్క్‌లో పుట్టినవాడు పక్కపక్కన భుజాలు కలుపుతారు. అందరూ పాడగలిగేలా 1995లో ప్రత్యేకంగా ఒక పాట రాయించుకున్నారు. న్యూజిలాండ్‌తో మొదటిసారి 1905లో ఆడారు. ఎన్నేళ్ళకు గెలిచారు? 111 ఏళ్ళకు! 2016 నవంబరు 5న, చికాగోలో, 40-29. కొద్ది రోజుల ముందు చనిపోయిన తమ పాత ఆటగాడు ఆంటొనీ ఫోలీ జెర్సీ సంఖ్య 8. న్యూజిలాండ్ వాళ్ళ హాకా నాట్యానికి ఎదురుగా ఐర్లాండ్ ఆటగాళ్ళు 8 అంకె ఆకారంలో నిలబడ్డారు. ఆరేళ్ళ తరవాత న్యూజిలాండ్ గడ్డ మీదే సిరీస్ గెలిచారు, ప్రపంచంలో మొదటి స్థానానికి చేరారు. ప్రపంచ కప్పు మాత్రం అందలేదు. ఎనిమిది సార్లు క్వార్టర్ ఫైనల్ ఆడారు, ఒక్కసారీ దాటలేదు. 2023లో ప్యారిస్‌లో ఆఖరి నిమిషాల్లో 37 దశలు బంతిని చేతిలో పెట్టుకుని న్యూజిలాండ్ గీత వైపు నెట్టుకుంటూ పోయి, 24-28తో ఆగిపోయారు.

ఫుట్‌బాల్ కథ వేరు. అక్కడ రెండు జట్లు, రెండు సంఘాలు. ఉత్తర ఐర్లాండ్ 1958లో ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్ ఆడింది, 1982లో ఆతిథ్య స్పెయిన్‌నే ఓడించింది. దక్షిణాది జట్టు 1990లో ఇటలీలో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ జట్టును నడిపినవాడు జాక్ చార్ల్‌టన్, ఇంగ్లండ్ తరఫున ప్రపంచ కప్పు గెలిచిన మనిషి! రొమేనియాతో పెనాల్టీల్లో పాకీ బానర్ బంతి ఆపినప్పుడు దేశం వీధుల్లోకి వచ్చేసింది. 1994లో అమెరికాలో ఇటలీని ఓడించిన రాత్రి మాత్రం ఆనందం మిగలలేదు. ఉత్తరాన లాకినైలండ్ అనే ఊళ్ళో ఒక పబ్బులో కూర్చుని ఆ మ్యాచ్ చూస్తున్నవారిని సాయుధులు కాల్చారు. ఆరుగురు చనిపోయారు. టీవీలో ఆట చూస్తున్నారు, అంతే.

1998 శాంతి ఒప్పందం తరవాత కాలం మారింది. ఉత్తరాన పుట్టినవారు ఏ దేశం తరఫున ఆడాలో తామే ఎంచుకుంటున్నారు. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఐర్లాండ్‌కు ఏడు పతకాలు, అందులో నాలుగు స్వర్ణాలు. ఈతలో డేనియల్ విఫెన్, జిమ్నాస్టిక్స్‌లో రీస్ మెక్‌లెనహన్, ఇద్దరూ ఉత్తరాన పెరిగినవారే. తొంభై ఏళ్ళ కింద ఒక సరిహద్దు గీత దగ్గర ఆగిపోయి బెర్లిన్ వెళ్ళని దేశం ఇది, గుర్తుందా?

ఆడపిల్లలు శ్రద్ధగా వినండి. డబ్లిన్ దగ్గర బ్రే అనే సముద్రపు ఒడ్డు పట్టణంలో కేటీ టేలర్ పుట్టింది. బాక్సింగ్ ఇష్టం. కానీ అప్పట్లో ఆడపిల్లలకు పోటీలు లేవు. జుట్టు హెల్మెట్‌లోకి దోపుకుని, ‘కె. టేలర్’ అని పేరు రాయించుకుని మగపిల్లలతో తలపడేది. తన పూర్తి పేరు చెప్పుకోవడానికి కూడా వీల్లేని ఆట! 2012 లండన్‌లో మహిళల బాక్సింగ్‌ను తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చారు. మన మేరీ కోమ్ కాంస్యం గెలిచింది అక్కడే. 60 కిలోల విభాగంలో స్వర్ణం కేటీది. ఆ తరవాత డబ్లిన్ అమ్మాయి కెలీ హారింగ్టన్ టోక్యోలో, ప్యారిస్‌లో వరసగా రెండు స్వర్ణాలు గెలిచింది.

ఇక క్రికెట్. మీరందరూ దీని కోసమే ఎదురుచూస్తున్నారని తెలుసు.

2007 మార్చి 17, వాళ్ళ సెయింట్ పాట్రిక్ పండుగ రోజు. వెస్టిండీస్‌లో జరిగిన ప్రపంచ కప్పులో పాకిస్తాన్‌ను 132కే కూల్చి ఓడించారు. ఏదో తగిలింది, మళ్ళీ జరగదు అన్నారు చాలామంది. నాలుగేళ్ళు గడిచాయి. 2011 మార్చి 2, బెంగళూరు. నేను ఆ స్టేడియంలో ఉన్నాను. ఇంగ్లండ్ 327 కొట్టింది. ఐర్లాండ్ 111కి 5 వికెట్లు. మా వరుసలో ఉన్నవారు లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. మైదానంలో కెవిన్ ఓబ్రయన్ ఉన్నాడు, క్యాన్సర్ బాధితుల విరాళాల కోసం జుట్టుకు గులాబీ రంగు వేసుకుని. కొట్టాడయ్యా! 50 బంతుల్లో వంద. అప్పటికి ప్రపంచ కప్పుల్లో అంత వేగంగా ఎవరూ వంద కొట్టలేదు. వెళ్ళిపోయినవాళ్ళు మెట్ల దగ్గరి నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చారు. 63 బంతుల్లో 113. జాన్ మూనీ విజయం పరుగులు కొట్టేసరికి మా బెంగళూరు వాళ్ళందరూ ఐర్లాండ్ వాళ్ళు అయిపోయారు.

అంతటి జట్టుకు టెస్టు హోదా లేదు. టెస్టు ఆడాలనుకున్న కుర్రాడు ఏం చేయాలి? ఇంగ్లండ్ వెళ్ళాలి. డబ్లిన్ దగ్గరి రష్ అనే ఊరి కుర్రాడు ఇయాన్ మోర్గన్. చిన్నప్పుడు హర్లింగ్ ఆడాడు. ఆయన రివర్స్ స్వీప్ చూడండి, మణికట్టు తిప్పుతున్నప్పుడు చేతిలో ఉన్నది బ్యాటు కాదు, హర్లీ కర్ర. 2007లో ఐర్లాండ్ తరఫున ప్రపంచ కప్పు ఆడాడు. 2019లో లార్డ్స్‌లో ప్రపంచ కప్పు ఎత్తాడు, ఇంగ్లండ్ కెప్టెన్‌గా. నేను ఆయన్ని తప్పుపట్టను. ఇంట్లో తలుపు లేనివాడు పక్కింటికి వెళ్ళాడు. కానీ ఐరిష్ తిమింగలాలు మీకు మళ్ళీ గుర్తుకురావడం లేదూ?

2017 జూన్‌లో ఐర్లాండ్‌కు, అఫ్ఘానిస్తాన్‌కు అంతర్జాతీయ క్రికెట్ మండలిలో పూర్తి సభ్యత్వం, దాంతోపాటు టెస్టు హోదా వచ్చాయి. కష్టాలు తీరలేదు. ప్రపంచ కప్పును పది జట్లకు కుదించారు, దాంతో 2019లోనూ 2023లోనూ ఐర్లాండ్‌కు చోటు దక్కలేదు. టెస్టు హోదా ఇచ్చిన చేత్తోనే ప్రపంచ కప్పు తలుపు మూశారు. ఇది అన్యాయం అని నేను బల్లగుద్ది చెబుతాను. బెంగళూరులో ఆ రాత్రి చూసినవారెవరూ చిన్న జట్లు వద్దు అనలేరు.

తొలి టెస్టు 2018 మేలో, డబ్లిన్ శివారు మలహైడ్‌లో, పాకిస్తాన్‌తో. మొదటి రోజంతా వాన, ఒక్క బంతి పడలేదు. కెప్టెన్ విలియం పోర్టర్‌ఫీల్డ్ ఉత్తరాన టైరోన్ కౌంటీవాడు. తొలి సెంచరీ డబ్లిన్ వాడు కెవిన్ ఓబ్రయన్‌ది, 118. మ్యాచ్ ఓడిపోయారు. ఆ జట్టులో బాయ్డ్ ర్యాంకిన్ అనే బౌలరు ఉన్నాడు, అంతకు నాలుగేళ్ళ ముందు సిడ్నీలో ఇంగ్లండ్ తరఫున ఒక టెస్టు ఆడినవాడు. ఎడ్ జోయిస్ కూడా ఉన్నాడు. జోయిస్‌ది కూడా కేటీ టేలర్ పుట్టిన బ్రే పట్టణమే. టెస్టు ఆడాలని యువకుడిగా ఇంగ్లండ్ వెళ్ళాడు. వాళ్ళు వన్డేలు ఆడించారు, టెస్టు ఇవ్వలేదు. తిరిగి వచ్చేశాడు. బెంగళూరులో ఆ రాత్రి కూడా ఐర్లాండ్ తరఫున ఆడాడు. టెస్టు కోసం ఎదురుచూస్తూ 39 ఏళ్ళు వచ్చాయి. మలహైడ్‌లో ఇన్నింగ్స్ మొదలుపెట్టడానికి దిగాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 4, రెండో ఇన్నింగ్స్‌లో 43 పరుగులు చేసి రనౌట్ అయ్యాడు. ఆ నెలలోనే ఆటకు వీడ్కోలు చెప్పాడు. ఒక్కటే టెస్టు. టోపీ మీద ఐర్లాండ్ అని ఉంది.